మూడో పిలుపు

బాలశౌరి ఆ తలుపు ముందు నిలబడి పావుగంట దాటింది.

"రావమ్మగారూ! రావమ్మగారూ! రావమ్మగారూ!"

జవాబు లేదు. తలుపుకి అరచేతి వెడల్పు తాళం వేలాడుతోంది. అయినా అతను గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

పక్కవాటా ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఏవయ్యా, ఆవిడ కూతురింటికి బందరెళ్లి నాలుగు రోజులైంది. తాళం కనపడట్లా?"

"కనపడుతోందండీ. లోపల ఎవరూ లేరని మీకు ఖాయంగా తెలుసా?"

"బయట తాళం వేసి లోపలెట్టా కూచుంటుందయ్యా? ఆవిడేమన్నా గారడీ చేస్తుందా?"

వీధిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. బాలశౌరి నవ్వలేదు. అతని భుజాన సూదిమందుల సంచి, చేతిలో రిజిస్టరు ఉన్నాయి. రావమ్మగారి పేరుకెదురుగా గడి ఖాళీగా ఉంది. అందులో 'తాళం' అని రెండక్షరాలు రాసి పక్కింటికి వెళ్లాలి. చేసే పని అంతే.

పెన్సిలు కాగితానికి ఆనింది. వేళ్లు కదల్లేదు. గట్టిగా నొక్కాడు. ములుకు పుటుక్కున విరిగింది.

సరిగ్గా అప్పుడే, వెనకనుంచి ఎవరో పిలిచారు.

"శౌరీ!"

గిరుక్కున తిరిగాడు. భవానీపురం వీధి వీధిలాగే ఉంది. సైకిలు మీద పాలక్యాన్లు పోతున్నాయి. గోడమీద పిల్లి పడుకుంది. అతన్ని చూస్తున్నవాళ్లున్నారు గాని, పిలిచినవాళ్లు లేరు.

ఈ వారంలో అది అయిదోసారి. ఎప్పుడూ ఒక్కసారే పిలుస్తుంది. మగగొంతో ఆడగొంతో తెలియదు. రెండోసారి పిలిస్తే పట్టుకోవచ్చు. పిలవదు.

*

తాళం ముందు నిలబడ్డ సంగతి సాయంత్రానికల్లా ఆఫీసుకి చేరింది.

హెల్త్ ఇన్‌స్పెక్టరు ఇశ్రాయేలుగారు ముప్ఫై ఏళ్లుగా మశూచికీ కలరాకీ సూదులు వేయించిన మనిషి. కృష్ణాజిల్లాలో ఆయన తొక్కని బురద లేదు. బల్ల దగ్గర కూర్చుని, గుమ్మం పక్క బెంచీమీదున్న బాలశౌరిని పిలిచారు.

"శౌరీ, ఇట్రా."

బాలశౌరి తల ఎత్తలేదు. నేలకేసి చూస్తూ బిగుసుకుని కూర్చున్నాడు.

పక్కనే స్టౌ మీద సిరంజీలు మరిగిస్తున్న లాజరు కిసుక్కుమన్నాడు. "ఒక్కసారి పిలిస్తే లాభం లేదు సార్. మూడుసార్లు పిలవాలి. మనవాడు హోటల్లో ఇడ్లీ కూడా మూడుసార్లు అడుగుతున్నాడు. సర్వరు మూడు ప్లేట్లు తెచ్చి పెడుతున్నాడు."

"నువ్వు ఆ నీళ్లు మరిగాయో లేదో చూసుకో," అన్నారు ఇశ్రాయేలుగారు. లేచి వెళ్లి బాలశౌరి భుజం తట్టారు. అతను ఉలిక్కిపడ్డాడు.

ఇద్దరూ వెనక వరండాలోకి వెళ్లారు. అక్కడ ఖాళీ మందుసీసాల పెట్టెలు తప్ప ఇంకేం లేవు.

"సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

"పడుకుంటూనే ఉన్నానండి."

"నేనడిగింది అది కాదు. నీ భార్య ఎప్పుడొస్తోంది?"

"కలరా తగ్గాక రమ్మన్నానండి. ఇంకా తగ్గలేదుగా."

ఇశ్రాయేలుగారు అతన్ని ఎగాదిగా చూశారు. "ఆఖరి కేసు ఆసుపత్రినుంచి ఇంటికెళ్లి మూడు వారాలైంది. రిపోర్టు మోసుకొచ్చింది నువ్వే. సంతకం పెట్టింది నేను."

బాలశౌరి జేబు తడుముకున్నాడు. అందులో భార్య తెరేసమ్మ రాసిన ఇన్లాండు కవరు ఉంది. జులైలో అతనే ఆమెనీ పాపనీ మంగళగిరిలో అత్తగారింటికి పంపాడు. కలరా ఇళ్లలో తిరిగి వచ్చి పాపని ఎత్తుకోవడం మంచిది కాదన్నాడు. ఇప్పుడామె అడుగుతోంది. 'పేపర్లో తగ్గిందని వేశారు. మీరింకా రమ్మనరేం? నావల్ల ఏమన్నా తప్పు జరిగిందా?' ఆ కవరు వచ్చి పదకొండు రోజులైంది. జవాబుగా ఏం రాయాలో అతనికి తెలియలేదు. ఇంట్లో కూర్చుని ఉండగా ఎవరూ పిలవకుండానే తను లేచి తలుపు తీస్తే, తెరేసమ్మ ఏమనుకుంటుంది?

"మడపాలెం సంగతేనా?" అన్నారు ఇశ్రాయేలుగారు.

"అవునండి."

"ఒరేయ్, చూడు. వాళ్లు చేపలు పట్టుకునేవాళ్లు. వేటకి వెళ్లి ఉంటారు. నువ్వు పిలిచినప్పుడు ఇంట్లో లేరేమో."

"ఉన్నారేమో సార్."

"ఉంటే మాత్రం? ఆ సూది నూటికి యాభైమందిని కాపాడితే గొప్ప. డాక్టరుగారు చెప్పలేదూ?"

"పోయినాయన ఏ యాభైలో ఉండేవాడో ఎవరు చెబుతారు సార్?"

ఇశ్రాయేలుగారు జేబులోంచి కాగితం తీశారు. "మూడురోజులు సెలవు రాయి. జ్వరం అని పెట్టు."

"జ్వరం లేదండి."

"నాకు తెలుసు లేవోయ్. కాలు విరిగితే రాయడానికి మాట ఉంది. కళ్లు పోతే ఉంది. దీనికి ఏం రాయమంటావు? సర్కారుకి అర్థమయ్యే జబ్బు రాయాలి." ఆయన గొంతు తగ్గించారు. "సోమవారం ఏలూరు కాలవ పక్క ఊళ్లకి టీము వెళుతోంది. ఇట్లా తాళాల ముందు నిలబడే మనిషిని నేను తీసుకెళ్లలేను. శనివారం సాయంత్రానికి వచ్చి చెప్పు. చేయగలనంటే టీములో ఉంటావు. లేదంటే స్టోర్లో కూర్చుని సీసాలు లెక్కపెట్టుకో. తప్పేం లేదు. కాని ఒకసారి స్టోర్లో కూర్చుంటే మళ్లీ బయటికి రావడం కష్టం. నేను చూశాను."

బాలశౌరి జ్వరం అని రాసి సంతకం పెట్టాడు.

*

మడపాలెంలో జరిగింది ఇదీ.

జూన్‌లో కాలవలు వదిలారు. ఎండాకాలమంతా ఎండిన కాలవల్లోని చెత్తని మొదటి నీళ్లు డెల్టా చివరిదాకా తోసుకెళ్లాయి. ఆ నీళ్లే చెరువులు నింపాయి. ఆ చెరువుల నీళ్లే జనం తాగారు. జులై రెండోవారానికి సముద్రపు అంచున ఉన్న ఊళ్లనుంచి కబుర్లు మొదలయ్యాయి.

నాగాయలంక దాటి, పడవమీద పాయ దాటితే మడపాలెం వస్తుంది. అరవై గుడిసెలు. ఊళ్లో దారులన్నీ గుల్లలు పోసిన దారులే. అడుగు వేస్తే కరకరమంటాయి. టీములో నలుగురున్నారు. ఒక్కొక్కరికీ ఒక వరస ఇచ్చారు. బాలశౌరి వరసకి ఊరిపెద్ద కాశీరావు తోడు వచ్చాడు.

కాశీరావు ప్రతి గుమ్మం ముందూ ఆగి, పేరు పెట్టి మూడుసార్లు పిలిచేవాడు. మూడోదానికి లోపలనుంచి "ఆఁ" అనేవాళ్లు. తలుపు తెరుచుకునేది. సముద్రం హోరుకి వీళ్లకి చెవులు మందగించి ఉంటాయనుకున్నాడు బాలశౌరి. విజయవాడలో పుట్టి, ఆర్.సి.ఎం. బడిలో చదువుకున్న మనిషి. అడగాలని తోచలేదు. సూది వేసి, తలుపు పక్కన ఎర్రటి జేగురుముక్కతో లెక్క రాసి ముందుకు సాగాడు. ఇంట్లో ఎంతమంది, సూది పడింది ఎందరికి. అదీ లెక్క.

పొద్దు వాలేసరికి ఒక్క ఇల్లు మిగిలింది. కాశీరావుని ఎవరో పిలిస్తే పాయ ఒడ్డుకి వెళ్లాడు. అక్కడ పడవవాడు కేకలేస్తున్నాడు. పోటు వస్తోంది, ఇప్పుడు కదలకపోతే ఇక పొద్దున్నే అని. పొద్దున్నుంచి బాలశౌరి కడుపులో ఒక టీ తప్ప ఏమీ లేదు. నూట పన్నెండు సూదులు వేశాడు. బొటనవేలు బొబ్బలెక్కింది.

ఆఖరి గుడిసె ముందు నిలబడి పిలిచాడు.

"పోలరాజూ!"

జవాబు రాలేదు. పది లెక్కపెట్టేంతసేపు ఆగాడు. జేగురు ముక్క తీసి తలుపు పక్కన రాశాడు. రిజిస్టర్లోనూ అదే రాశాడు. వెళ్లి పడవెక్కాడు.

తొమ్మిదోరోజున పోలరాజు పోయాడు. వాంతులు మొదలైన ఆరుగంటల్లో అయిపోయింది. సెలైను సీసాలతో బాలశౌరి పాయ దాటేసరికి గుడిసె ముందు జనం ఉన్నారు. ఒడ్డుమీదే కాశీరావు ఎదురొచ్చాడు.

"వాడికి సూది పడలేదంటండీ," అన్నాడు.

"నేను పిలిచాను. పలకలేదు."

"ఎన్నిసార్లు పిలిచారేంటి?"

"ఎన్నిసార్లేమిటి? పిలిచాను."

కాశీరావు మొహం అదోలా అయింది. "కలరా తిరిగేటప్పుడు ఒక్క పిలుపుకి పలకరండీ. అమ్మోరు ఇంటిముందు నిలబడి పేరు పెట్టి ఒక్కసారే పిలుస్తాది. పలికితే తీసుకుపోద్ది. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు. అందుకే గదండీ నేను మీ కూడా తిరిగింది."

ఆ రోజు బాలశౌరి ఊళ్లో మిగిలినవాళ్లందరికీ సూదులు వేశాడు. పోలరాజు గుడిసె వైపు మాత్రం వెళ్లలేదు. అతని పెళ్లాం నాంచారమ్మ శవం దగ్గర కూర్చుని ఉంది. ఆమె మొహం చూడకుండానే పడవెక్కాడు.

ఇక విచారణ మొదలైంది. జడ్జీ అతనే, ముద్దాయీ అతనే, సాక్షి కూడా అతనే. ఆ సాయంత్రం ఆ గుడిసెలో మనుషులున్నారా, లేరా? లేకపోతే అతని తప్పు లేదు. ఉంటే ఉంది. గుడిసె కప్పునుంచి పొగ వచ్చిందా? మొదట్లో గుర్తులేదు. నెల తిరిగేసరికి కాస్త పొగ కనిపించింది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే చాలు, ఉడుకుతున్న అన్నం వాసన కూడా వస్తోంది. చూసింది గుర్తుకొస్తోందో, గుర్తుకొచ్చిందే చూశాననుకుంటున్నాడో తేల్చుకోలేకపోయాడు. విజయవాడలో అడిగినవాళ్లంతా ఒకటే మాటన్నారు. లేరేమోలే. ఆ మాట విన్నప్పుడల్లా ఆ పొగ ఇంకాస్త చిక్కబడేది.

నిజం తెలిసిన మనిషి ఒకతే ఉంది.

*

సెలవు మొదటిరోజు పొద్దున్నే బాలశౌరి గొడుగు తీసుకుని బయల్దేరాడు. ఇంటి ఓనరు బుల్లెమ్మగారు వాకిట్లో ముగ్గు వేస్తూ చూసింది.

"మంగళగిరికా శౌరీ?"

అతను పలకలేదు.

"నిన్నేనయ్యా! శౌరీ! పెళ్లాం దగ్గరికా?"

"కాదండి. దివి వైపు. పని ఉంది."

"జ్వరమని సెలవు పెట్టావని లాజరు చెప్పాడే. జ్వరంతో దివికా?" ముగ్గుచిప్ప కింద పెట్టి, అతని మొహంలోకి చూసి, ఆవిడ ఇంకేం అడగలేదు. "ఉండు," అని లోపలికెళ్లి రెండు అరటిపళ్లు తెచ్చి సంచిలో పడేసింది.

ఎర్రబస్సు పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ చేరేసరికి పదకొండు దాటింది. దారి పొడుగునా నాట్లు పడిన పొలాలు. బస్సునిండా జనం. ఒకావిడ బుట్టలో కోళ్లు, ఒకాయన ఒళ్లో కొత్త రేడియో. అందరూ ఎవరో ఒకరితో మాట్లాడుతున్నారు. బాలశౌరి పక్కసీటాయన కూడా మాట కలపబోయాడు. "ఎందాకా?" అంటే "చివరిదాకా" అన్నాడు. ఆ మాట తీరు చూసి ఆయన కిటికీవైపు తిరిగాడు.

అక్కడ మరో బస్సెక్కి నాగాయలంకలో దిగాడు. పాయ ఒడ్డున పడవలో అతనొక్కడే. పడవవాడు గుర్తుపట్టాడు.

"సూది బాబుగారు గదా. మళ్లీ వచ్చిందా ఏందండీ?"

"లేదు. ఊరికే."

"ఊరికే మా ఊరెవరొస్తారండీ!" అని తనే నవ్వుకున్నాడు.

మడపాలెం గుల్లల దారి కాళ్లకింద కరకరలాడింది. ఆఖరి గుడిసె అక్కడే ఉంది. తలుపు మూసి ఉంది. తలుపు పక్కన మట్టిగోడ మీద, చూరు కింద వాన తగలని చోట, తను రాసిన జేగురు అక్షరాలు అలాగే ఉన్నాయి. ఊళ్లో మిగతా గోడలన్నీ ఎప్పుడో అలుక్కున్నారు. ఈ ఒక్క గోడకి మాత్రం ఆ అక్షరాలున్న మేర వదిలేసి చుట్టూ అలికారు.

బాలశౌరి గొడుగు గోడకి ఆనించాడు.

"నాంచారమ్మా! నాంచారమ్మా! నాంచారమ్మా!"

నిశ్శబ్దం. అతను తలుపుకి చెవి ఆనించాడు.

"లోపలెవరూ లేరండీ," అంది ఒక గొంతు వెనకనుంచి.

అతను తిరగలేదు. మళ్లీ ఆ గొంతే అనుకున్నాడు.

"మిమ్మల్నేనండీ. ఇంట్లో ఎవరూ లేరు. నేనిక్కడుంటే తలుపుతో మాట్టాడతారేంటి?"

తిరిగాడు. ఇరవై అడుగుల దూరంలో, ఇసకమీద పరిచిన పాతవల పక్కన ఒకామె గొంతుక్కూర్చుని ఎండుచేపలు తిరగేస్తోంది. ముప్ఫై ఏళ్లుంటాయి. మెడలో ఏమీ లేదు. అతన్ని చూసి లేవలేదు. చేతులు పని ఆపలేదు.

"గుర్తుపట్టావా అమ్మా?"

"పట్టకేం. సూది బాబుగారు. ఆ రోజు అందరికీ వేశారు. మా గడపే తొక్కలేదు."

బాలశౌరి వెళ్లి ఇసకమీద కూర్చున్నాడు. అడగవలసిన మాటని దారి పొడుగునా బస్సులో వందసార్లు అనుకున్నాడు. కాని ఆమే ముందు మాట్లాడింది.

"నేనొకటి అడుగుతాను, చెబుతారా? నాకు చదువు రాదు. ఊళ్లో చదువొచ్చినోళ్లు ఇద్దరుంటే వాళ్లని అడగబుద్ధి కాలేదు. ఆ గోడమీద మీరేం రాసెళ్లారండీ?"

ఆమె గోడవైపు చూడలేదు. చేపల్నే చూస్తోంది.

"ఇంట్లో ఎవరూ లేరు అని," అన్నాడు బాలశౌరి.

ఆమె చేతులు ఆగాయి.

"ఉన్నాం గదండీ," అంది.

అంతే. రెండు నెలల విచారణ రెండు మాటల్లో తేలిపోయింది. ఈ మాట వింటే తను అక్కడికక్కడే కూలిపోతానని బాలశౌరి అనుకునేవాడు. కూలలేదు. ఎండ అలాగే ఉంది. కాకి ఒకటి చేపలమీదికి దిగబోతే ఆమె కర్ర ఝళిపించింది.

"ఇద్దరం ఉన్నాం. పొయ్యిమీద కూడు ఉడుకుతుంది. ఆయన వల బాగుచేసుకుంటున్నాడు. 'పోలరాజూ' అని మీరు పిలిచారు. ఆయన పలకబోయాడు. నోరు తెరిచాడు కూడా. నేనే ఈ చేత్తో మూశాను." ఆమె కుడిచెయ్యి చాపి చూపించింది. పొలుసులు అంటుకుని మెరుస్తున్న చెయ్యి. "మళ్లీ పిలుస్తారేమో, మూడోసారికి తీద్దామని కూచున్నాం."

"నేను పిలవలేదు."

"పిలవలేదు. తర్వాత గుల్లలమీద చెప్పుల చప్పుడు వినపడింది. కరకరా పోతున్నారు. అప్పుడు తెలిసిపోయిందండీ నాకు. అమ్మోరు చెప్పులేసుకుని తిరగదు గదా."

బాలశౌరి తల ఎత్తాడు.

"ఆయన నా చెయ్యి తీసేసి, 'సూదోళ్లే, పిలుస్తాను' అన్నాడు. నేనే వద్దన్నా. సూదేస్తే రెండురోజులు చెయ్యి లేవదు, జ్వరం. మర్నాడు వేటకి పోవాలి. రొయ్య పడుతున్న రోజులు. 'పోనీలే, పీడా పోయింది' అన్నాను. నవ్వాను గూడా." ఆమె కర్రతో ఇసకలో ఏదో గీసి చెరిపేసింది. "తొమ్మిదిరోజులు బాగానే ఉన్నాడు."

నాంచారమ్మ మళ్లీ చేపలు తిరగేసింది. దూరంగా సముద్రం హోరు.

"నేను రెండోసారి పిలవాల్సింది," అన్నాడు బాలశౌరి.

"పిలవాల్సింది," అంది నాంచారమ్మ. లేదులే అనలేదు. మీ తప్పేం లేదనలేదు. విజయవాడలో ఒక్కరూ అనని మాట అది. తన లోపల తను రోజూ అనుకునే మాటే ఇంకొకరి నోట వినేసరికి, అది కొంచెం చిన్నదైంది. ఒక మనిషి చేసిన తప్పు ఎంతుంటుందో అంతయింది.

"తెలుసుకోడానికే వచ్చారా?" అందామె.

"అవును. నిద్ర పట్టడంలేదు. పని చేయలేకపోతున్నాను. ఎవరో ఒక్కసారి పిలిచినట్టు ఉంటుంది. తిరిగితే ఎవరూ ఉండరు."

ఈ మాట అతను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాంచారమ్మ మొదటిసారి అతని మొహంలోకి చూసింది. జాలి కాదు, కోపం.

"మీకు కావలసొచ్చింది. బస్సెక్కారు, పడవెక్కారు, వచ్చి అడిగారు. తెలిసిపోయింది. నేనెక్కడికెళ్లి అడగాలండీ? ఊరంతా అమ్మోరు తీసుకుపోయిందంటారు. మా అత్త అదే అంటది, కాశీరావు అదే అంటాడు. ఆ చెప్పుల చప్పుడు సంగతి నేనెవరికి చెప్పను? చెబితే ఈ ఊళ్లో ఉండనిస్తారా నన్ను?"

నాంచారమ్మ కర్రతో గోడవైపు చూపించింది.

"ఆ గోడ ఎందుకు అలకలేదో తెలుసా? అందులో నా పేరేమన్నా రాశారేమోనని. నేను లోపలుండీ పలకలేదని రాశారేమోనని. ఎవరన్నా చదువుకున్నోడు అటేపు పోతుంటే నా గుండె ఆగిపోయేది. చెరిపేద్దామంటే సర్కారు రాత, భయం." ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది. "ఎవరూ లేరని రాసి పోయారన్నమాట. దీనికా!"

ఆమె నవ్విందో ఏడ్చిందో అతనికి తెలియలేదు. లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. జేబురుమాలు తీసి, కుండలో నీళ్లతో తడిపి, ఆ అక్షరాలని రుద్దాడు. జేగురు ఎర్రగా కారింది. పూర్తిగా పోలేదు. నాంచారమ్మ వచ్చి అతని చేతిలో గుడ్డ తీసుకుని, "అట్టా పోదండీ, పెచ్చులూడుతుంది. పేడనీళ్లతో నేను అలుకుతాలే," అంది.

"నాంచారమ్మా, నీకు సూది వేయలేదు గదా."

"ఎవరేశారు? ఆ రోజు నన్ను చూసి మీరు మొహం తిప్పుకుని పోయారు. తెచ్చారా?"

"లేదు. సెలవులో ఉన్నాను."

"బాగుంది. సూది లేని సూదాయన! అడగడానికైతే అంతదూరం వచ్చారు. వెయ్యడానికి మళ్లీ ఎవరొస్తారు?"

బాలశౌరి చేతికంటిన జేగురు కడుక్కున్నాడు. ఇశ్రాయేలుగారు శనివారం సాయంత్రానికి అడగబోయే ప్రశ్న కూడా అదే. స్టోర్లో కూర్చుని సీసాలు లెక్కపెట్టేవాడు మడపాలెం రాలేడు.

"నేనే వస్తాను," అన్నాడు. "ఏలూరు కాలవ ఊళ్లు అయ్యాక. పదిహేను రోజులు పట్టొచ్చు."

"ఆదివారం గాకుండా రండి. సంతకి పోతాను," అని ఆమె చేపల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

*

పోటు తిరగకముందే వెళ్లాలని పడవవాడు తొందరపెడుతున్నాడు. బాలశౌరి గుల్లల దారిమీద గబగబా నడిచాడు. మబ్బు పట్టింది. సగం దూరం వచ్చాక వెనకనుంచి వినిపించింది.

"బాబుగారూ!"

అతని కాళ్లు ఆగాయి. తిరగలేదు. తిరిగితే ఎవరూ ఉండరు, అతనికి తెలుసు. మళ్లీ నడక సాగించాడు.

"బాబుగారూ!"

రెండోది.

ఈ రెండు నెలల్లో రెండోది ఎప్పుడూ రాలేదు. బాలశౌరి ఆగాడు. కాళ్లకింద గుల్ల ఒకటి పగిలింది.

"ఓ సూది బాబుగారూ!"

"ఆఁ!" అన్నాడు. ఆ కేక తనకే కొత్తగా వినిపించింది. ఒడ్డున పడవవాడు కూడా తిరిగి చూశాడు.

నాంచారమ్మ ఆయాసపడుతూ వస్తోంది, చేతిలో అతని గొడుగు పట్టుకుని. గోడకి ఆనించి మరిచిపోయాడు.

"చెవుడా ఏందండీ? మొదటి పిలుపుకే తిరగొచ్చు గదా. నన్నుగూడా అమ్మోరనుకున్నారా?"

అతనికి నవ్వొచ్చింది. మొహం ఆ పని మరిచిపోయినట్టుంది, సరిగ్గా రాలేదు. గొడుగు అందుకున్నాడు. దానికి ఎండుచేపల వాసన పట్టింది. ఆమె ఇంకేం అనకుండా వెనక్కి తిరిగి నడిచింది. ఆమె పాదాలకి చెప్పులు లేవు. గుల్లలమీద ఆ నడక చప్పుడే కాలేదు.

పడవ కదిలింది. అటు చూస్తే మడచెట్లు, ఇటు చూస్తే నీళ్లు. తెరేసమ్మ కవరు జేబులోంచి తీశాడు. వెనకవైపు ఖాళీ ఉంది. పెన్సిలు తీసి, 'తప్పు నీది కాదు' అని రాశాడు. తర్వాత ఏం రాయాలో తోచలేదు. కాసేపు చూసి, 'వస్తే అన్నీ చెబుతాను' అని రాసి మడిచి పెట్టుకున్నాడు. నాగాయలంక పోస్టాఫీసులో కార్డు కొని దీన్నే ఎక్కించాలి.

పాయ నడిమధ్యకి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. పడవవాడు అటు తిరిగి గెడ వేస్తున్నాడు.

"శౌరీ!"

వీపు వెనకనే, చాలా దగ్గరగా.

బాలశౌరి కదల్లేదు. తిరగలేదు. రెండోసారి కోసం ఆగాడు. నీళ్లమీద చినుకుల చప్పుడు. గెడ చప్పుడు. రెండో పిలుపు రాలేదు.

గొడుగు విప్పుకున్నాడు.